వెనక ఇంకెవరైనా ఉన్నారా

బఠాణీ బరువు నాలుగు కిలోల రెండు వందల గ్రాములు. నేను పనిచేసే రక్తపరీక్షల ల్యాబులో పసిపిల్లల్ని తూచే మిషను మీద, డాక్టరమ్మ అటు తిరిగినప్పుడు నేనే తూచాను. "కొండల్లో మోయాల్సొస్తుంది, ముందు దాని బరువు తేలాలోయ్, మిగతావన్నీ తర్వాత" అని మా ఆయన పట్టుబట్టారు మరి. కుక్క అంటే ఏ కాపలా కుక్కో అనుకునేరు. జానెడు ఒళ్ళు, మూరెడు గొంతు. ఆయన దగ్గర డ్రైవింగ్ నేర్చుకున్న ఒకాయన "రెండు రోజులు చూస్తూ ఉండండి సార్" అని కారు వెనక సీట్లో వదిలి వెళ్ళాడు. ఆ రెండు రోజులు ఆరేళ్ళయ్యాయి.

ఆ వేసవిలో మా ఆయన కారు షెడ్డులో పడింది. నేర్చుకునేవాళ్ళ వైపు ఒక బ్రేకు, ఆయన వైపు ఒక బ్రేకు ఉన్న పాత కారు. ఇంజను విప్పిన మెకానిక్కు మూడు వారాలన్నాడు. మూడు వారాలు ఇంట్లో కూర్చునే మనిషి కాదాయన. నాలుగో రోజుకి గోడలకున్న మేకులన్నీ పీకి మళ్ళీ కొట్టడం అయిపోయింది. ఐదో రోజు పొద్దున్నే టీ గ్లాసుతో వంటింటి గడప మీద నిలబడి, "కొండలెక్కుదామా? ఎనిమిది రోజులు. నువ్వూ, నేనూ, బఠాణీ" అన్నారు.

పెళ్ళైన కొత్తలో ఏటా వెళ్ళేవాళ్ళం. తర్వాత ఎందుకు మానేశామో ఇద్దరికీ గుర్తు లేదు. నువ్వూ నేనూ అని ఆయన ఒక్క ఊపిరిలో అని ఎన్నాళ్ళయిందో! ఆ మధ్యాహ్నమే ల్యాబులో సెలవు చీటీ రాసిచ్చాను.

మా మేడ మీద గదిలో ఆయన చెల్లెలు ఉండేది. ఇంటా బయటా అందరికీ చిట్టి. భర్త పోయాక తొమ్మిదేళ్ళుగా అన్న నీడనే ఉంటూ, కిటికీ దగ్గర మిషను వేసుకుని బట్టలు కుట్టేది. బఠాణీకి ఎర్ర కోటు, నాలుగు మేజోళ్ళు కుట్టే పని చిట్టి మీద పడింది.

"నాలుగు కాళ్ళకీ మేజోళ్ళా! మా ఆయన బతికుండగా రెండు కాళ్ళకి కుట్టమంటేనే విసుక్కున్నాను" అంది చిట్టి, నవ్వుతూనే.

"పైన మంచు ఉంటుందే. దాని కాళ్ళు చూడు, అగ్గిపుల్లల్లా లేవూ?" అన్నారాయన.

"వదిన మోకాలు చూశావా మరి? మెట్లెక్కుతుంటే టకటకమంటోంది."

"మీ వదినకేం, గుర్రం" అన్నారు.

నేనూ నవ్వాను. మెచ్చుకోలే అనుకున్నాను.

సంచులు సర్దేటప్పుడు దాని తిండి, గిన్నె, దుప్పటి నా సంచిలోకి వచ్చాయి. అది అలిసిపోతే ఎత్తుకోవాల్సింది ఆయన కాబట్టి ఆయన సంచి పైభాగం ఖాళీగా ఉండాలి. వానొస్తే ఇద్దరం కప్పుకునే టార్పాలిను మాత్రం ఆయన సంచి అడుగున పెట్టారు. ఆ పంపకంలో నాకేమీ తప్పు కనపడలేదు.

మొదటి మూడు రోజులూ బాగున్నాయి. ఇప్పుడు ఎంత చేదుగా తలుచుకున్నా ఆ మూడు రోజుల్ని కాదనలేను. పొద్దున్నే సంచులు భుజానికెత్తుకుని నడక, మధ్యాహ్నం ఏ వాగు ఒడ్డునో రొట్టె, సాయంత్రానికి కొండ మీద బస. బస అంటే రాతిగోడల గది, మధ్యలో పొయ్యి, గోడ పొడుగునా చెక్క బల్లలు. బఠాణీ ముందు పరిగెత్తి, వెనక్కొచ్చి మమ్మల్ని లెక్కపెట్టుకుని, మళ్ళీ పరిగెత్తేది. వాగులో తన నీడని చూసి మొరిగి మొరిగి, చివరికి దానికి భయపడి ఆయన కాళ్ళ మధ్య దూరింది. ఆయన పగలబడి నవ్వుతూ నీళ్ళలో కూలబడ్డారు. మూడో రోజు సాయంత్రం నా బూటు విప్పి, వాచిన పాదం ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు ఒత్తారు.

"కారు బాగవ్వకపోయినా బాగుణ్ణు" అన్నారు.

"బాగవ్వకపోతే తినేదేంటి?"

"దీని తిండి ఉందిగా నీ సంచిలో" అన్నారు. కడుపు పట్టుకుని నవ్వాను.

నాలుగో రోజు కనుమ దాటాలి. రెండు కొండల మధ్య ఎత్తైన సందు అది. ఇవతల బస, అవతల బస, మధ్యలో ఆరేడు గంటల నడక. బస గోడకి పెద్ద అక్షరాలతో బోర్డు పెట్టారు: పొద్దున ఏడింటికల్లా బయల్దేరాలి, మధ్యాహ్నం దాటాక పైన ఉండకూడదు, వడగళ్ళు పడతాయి. ఆ బోర్డు కిందే మా ఆయన బఠాణీకి ఎర్ర కోటు తొడిగి, నాలుగు మేజోళ్ళూ వేసి నిలబెట్టారు. అక్కడున్న కుర్రకారంతా ఫోటోలకి ఎగబడ్డారు. ఆయన దాని పుట్టుపూర్వోత్తరాలు మొదలుపెట్టారు. ఆయన నోరు మంచిది, చెప్తుంటే వినబుద్ధవుతుంది. రెండోసారి టీలు వచ్చాయి. నేను సంచి భుజానికి తగిలించుకుని వాకిట్లో నిలబడ్డాను.

"ఏవండీ, ఏడున్నరైంది."

"వస్తున్నా, ఒక్క నిమిషం."

మేము బయల్దేరేసరికి తొమ్మిదిన్నర.

కనుమ మీదికి చేరేసరికి రెండు దాటింది. అప్పటిదాకా నీలంగా ఉన్న ఆకాశం పావుగంటలో నల్లబడింది. మొదట గాలి, తర్వాత వాన, ఆ తర్వాత వడగళ్ళు. అవతలి వైపు దిగుడంతా వదులు రాళ్ళు. పది అడుగులు వేశానో లేదో కింద రాళ్ళు కదిలాయి, నా ఎడమ మోకాలు లోపలికి మెలి తిరిగింది. కూర్చుండిపోయాను. లేవబోతే కళ్ళు బైర్లు కమ్మాయి.

ఆయన ఆగారు. బఠాణీ అప్పటికే ఆయన సంచిలో ఉంది. తల ఒక్కటే బయటికి పెట్టి, పళ్ళు టకటకలాడిస్తూ వణుకుతోంది.

"నడవగలవా?" అన్నారు.

"కాస్త ఆగితే నడుస్తానేమో. టార్పాలిను తియ్యండి."

"అది అడుగున ఉంది. తియ్యాలంటే దీన్ని బయట పెట్టాలి. చూడు దీని పరిస్థితి, నీలుక్కుపోతోంది." గాలిలో అరుస్తున్నారు. "నేను దీన్ని దించేస్తా. నువ్వు ఈ రాయి చాటున కూర్చో."

"ఎవరినైనా పంపించండి."

"పంపిస్తా, పంపిస్తా. వెంటనే పంపిస్తా" అన్నారు. చెప్తూనే దిగడం మొదలుపెట్టారు. మెడ వంచి, చేతులు చాపి, ఒక్కో రాయీ చూసుకుంటూ దిగారు. సంచిలోంచి ఎర్ర కోటు అంచు ఒక మలుపు దాకా కనపడింది.

గంటన్నర కూర్చున్నాను. గడియారం చూసుకుంటూనే ఉన్నాను కాబట్టి గంటన్నర అని కచ్చితంగా చెప్పగలను. మొదటి అరగంట, ఆయన ఎంతవరకు దిగి ఉంటారో లెక్క కట్టాను. రెండో అరగంట, జారి ఎక్కడైనా పడ్డారేమోనని ఏడ్చాను. మూడో అరగంటకి వేళ్ళకి స్పర్శ పోయింది. రక్తం తీసే వేళ్ళు నావి. అవి మొద్దుబారితే నాకు వెంటనే తెలుస్తుంది. ఇక ఎవరూ రారని అప్పుడు అనిపించింది. సంచిలోంచి కుక్క దుప్పటి తీసి మోకాలికి బిగించి కట్టాను. నిలబడి దిగలేను కాబట్టి కూర్చుని దిగాను. చేతులు ఆన్చి, కుడి కాలితో తడిమి, ఒళ్ళు కిందికి జరుపుకుంటూ. రాళ్ళు అయిపోయి గడ్డి వచ్చాక చేతికర్ర మీద బరువు వేసి కుంటుతూ నడిచాను. దారిలో ఆయన పడి ఉన్నారేమోనని ప్రతి గుంతలోకీ తొంగిచూశాను.

బస కనపడేసరికి సాయంత్రం ఏడు కావస్తోంది. ఇంకా వెలుతురుంది. కిటికీలోంచి మా ఆయన కనపడ్డారు. పొయ్యి పక్కన, ఒళ్ళో బఠాణీ, చుట్టూ ఆరేడుగురు. చేతులు తిప్పుతూ ఏదో చెప్తున్నారు, వాళ్ళు నవ్వుతున్నారు. ఆయన క్షేమంగా ఉన్నారని చూడగానే నా ఒంట్లో మిగిలిన ఓపికంతా జారిపోయింది. అంత సంతోషం వేసింది నాకు. అదీ నిజమే.

వాకిట్లో పంచ కింద ఒకావిడ బంగాళాదుంపలు చెక్కు తీస్తోంది. బస నడిపేది ఆవిడే. నన్ను చూసి పీట మీంచి లేచింది.

"ఎటునుంచమ్మా? కనుమ మీంచా, ఈ వానలో?"

"అవునండీ."

"మీ వెనక ఇంకెవరైనా ఉన్నారా?"

"లేరండీ. మా ఆయన ముందే వచ్చారు. అదిగో, కుక్కతో."

ఆవిడ కిటికీలోకి చూసింది, మళ్ళీ నా మోకాలి వంక చూసింది. చేతిలో కత్తి అలాగే ఉండిపోయింది.

"పైనుంచి దిగిన ప్రతి మనిషినీ ఇదే అడుగుతానమ్మా, మొట్టమొదట. ఉన్నారంటే తాడు తీసుకుని బయల్దేరతాం. ఆయన్నీ అడిగాను. ఎవరూ లేరన్నారు."

"వినపడి ఉండదు" అన్నాను. నా నోట్లోంచి ఎంత తొందరగా వచ్చిందో ఆ మాట!

"రెండుసార్లు అడిగాను" అంది ఆవిడ.

లోపలికి నడిపించుకు వెళ్ళింది. మా ఆయన గబుక్కున లేచారు. "వచ్చేశావా! రా రా, ఇటు పొయ్యి దగ్గరికి రా. మా ఆవిడ" అని అందరికీ చెప్పారు. చుట్టూ కూర్చున్నవాళ్ళు ఆయన్నీ నన్నూ మార్చి మార్చి చూశారు. ఒకమ్మాయి కుర్చీ ఖాళీ చేసి, పక్కగదిలోకి వెళ్ళిపోయింది. బఠాణీ నా దగ్గరికి వచ్చి, తడిసిన చెయ్యి వాసన చూసి, మళ్ళీ వెచ్చగా ఉన్న ఆయన ఒళ్ళోకే ఎక్కింది. బసావిడ నా బూటు తాడు కత్తితో కోసి, వేడినీళ్ళ బకెట్టు పెట్టింది. మర్నాడు పొద్దున నా టీ గ్లాసు నా చేతికిచ్చింది. ఆయనది బల్ల మీద, కాస్త దూరంగా పెట్టి వెళ్ళింది.

తిరుగు ప్రయాణంలో, బస్సులో అడిగాను.

"ఎవరూ లేరన్నారటగా?"

"ఏదో గోలలో సరిగ్గా వినపడలేదు. కుక్క చచ్చిపోతోందన్న కంగారులో ఉన్నాను. దాన్నే పట్టుకుని వేలాడతావా ఇప్పుడు?"

వేలాడలేదు. కాలు పైకి పెట్టుకుని వారం రోజులు ఇంట్లో ఉన్నాను. పరామర్శకి వచ్చినవాళ్ళందరికీ ఆయన కథ చెప్పారు. మొదటిసారి కథలో వడగళ్ళు నిమ్మకాయలంత ఉన్నాయి, బఠాణీ ఊపిరి రెండుసార్లు ఆగింది, నేను "వెనకాలే మెల్లగా" వచ్చాను. రెండోసారి నేనే ఆయన్ని బతిమాలాను, "నా సంగతి వదిలెయ్యండి, ముందు దాన్ని కాపాడండి" అని. మూడోసారి మా పెదనాన్న కూతురింట్లో, పదిహేను మంది భోజనాల దగ్గర చెప్పారు. అందులో ఆయన బఠాణీని బసలో పడేసి, నీళ్ళైనా తాగకుండా మళ్ళీ కొండెక్కి, నన్ను భుజం మీద చెయ్యి వేయించుకుని దింపుకొచ్చారు.

"అదృష్టవంతురాలివే" అంది మా అక్క నా వంక చూసి. నేను మంచినీళ్ళ జగ్గు పక్కవాళ్ళకి అందించాను. ఆయన నా కళ్ళలోకి చూడలేదు. అప్పటికి ఆయనే ఆ కథని నమ్మేశారని నా అనుమానం.

ఆయన మీద చూపించలేని కోపం ఎక్కడికి పోతుంది? బఠాణీ మీదికి మళ్ళింది. ఒప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. దాని గిన్నెలో నీళ్ళు మార్చడం మర్చిపోయేదాన్ని. మర్చిపోవడం కాదు, మానేశాను. కాళ్ళకి చుట్టుకుంటే కాలితో నెట్టేదాన్ని. అది ఏం చేసిందని? ఎవరు ఎత్తుకుంటే వాళ్ళ సంచిలో వచ్చింది.

వేసవి చివర్లో, తొలి వాన పడిన రోజు, మధ్యాహ్నం వేళ, ఆయన బాగైన కారుతో పాఠాలకి వెళ్ళారు. పెరటి తలుపు మీద గీకుడు వినపడింది. బఠాణీ బయట ఉండిపోయింది. ఉరుములంటే దానికి ప్రాణభయం. నేను వంటింట్లో స్టూలు మీద కూర్చున్నాను. తలుపు నాలుగు అడుగుల దూరం. లేవలేదు. గీకింది, మొరిగింది, తర్వాత మూలగడం మొదలుపెట్టింది.

మేడ మీంచి చిట్టి అరిచింది. "వదినా, బఠాణీ లోపలుందా?"

"ఉంది" అన్నాను.

ఎంతసేపు కూర్చున్నానో, ఈసారి గడియారం చూసుకోలేదు. చిట్టికి మూలుగు వినపడినట్టుంది, మెట్ల మీంచి దిగి వచ్చి తలుపు తీసింది. నీళ్ళోడుతున్న కుక్కని కొంగులో చుట్టుకుని నా ఎదురుగా నిలబడింది.

"ఉందన్నావుగా?"

నాకు ఏడుపు తన్నుకొచ్చింది. దేనికో చిట్టికి అర్థం కాలేదు. మొత్తం చెప్పాను, బంగాళాదుంపల దగ్గర్నుంచి మొదలుపెట్టి, ముందుకీ వెనక్కీ పోతూ. చిట్టి కుక్క తల తుడుస్తూ వింది.

"అన్నయ్యని రెండుసార్లు అడిగిందా ఆవిడ?" అంది.

"రెండుసార్లు."

"కంగారుపడి ఉంటాడు వదినా" అంది. కుక్క చెవులు కూడా తుడిచి, మళ్ళీ, "రెండుసార్లా?" అంది.

ఆ ఆదివారం పొద్దున ఆయన వాకిట్లో కారు కడుగుతున్నారు. చిట్టి మెట్ల మీద కూర్చుని ఉంది. నేను గడపలో ఉన్నాను.

"అన్నయ్యా, ఆ బసావిడ అడిగినప్పుడు వెనకాల ఎవరూ లేరన్నావా?"

ఆయన నా వంక తిరిగారు. "ఊరంతా టాంటాం వేశావన్నమాట."

"ఊరంతా వేసింది మీరు. నేను దీనికొక్కదానికే చెప్పాను."

"వినపడలేదని చెప్పానా లేదా? ఆ వానలో..."

"విన్నావు" అన్నాను. నోరు జారలేదు. పధ్నాలుగేళ్ళలో మొదటిసారి నువ్వు అన్నాను. "నువ్వు విన్నావు. ఏమనుకుని లేరన్నావో అది చెప్పు చాలు."

అతను గుడ్డ పిండాడు. నీళ్ళు రావడం ఆగినా ఇంకా పిండుతూనే ఉన్నాడు. తర్వాత కారు తలుపు తీసి, తను రోజూ కూర్చునే సీట్లో, కాళ్ళు బయటపెట్టి కూర్చున్నాడు.

"ఉన్నారంటే తాడు తీసుకుని, పద చూపించు అనేది" అన్నాడు. "మళ్ళీ ఎక్కాలి. నా వల్ల కాదనిపించింది. నువ్వు ఎలాగూ వచ్చేస్తావు అనుకున్నాను."

"రాకపోతే?"

అతను గుడ్డని బకెట్టులోకి విసిరేశాడు.

"నేను కింద బసకి వచ్చేలోపు మూడు గంటలు. ఆ మూడు గంటల్లో ఒక్కసారైనా చెప్పాలనిపించలేదా?"

"మొదటిసారి లేరన్నాక మళ్ళీ ఉన్నారని ఎలా చెప్పను? అందరూ ఏమనుకుంటారు?" అని తలెత్తాడు. "నిజం అడిగావు, చెప్పాను. ఇంకేం కావాలి నీకు?"

నాకింకేమీ అక్కర్లేదు. అదే విచిత్రం. కోపం కూడా రాలేదు. నెల రోజులుగా, వినపడలేదేమో, కంగారేమో, చలికి బుర్ర పనిచెయ్యలేదేమో అని అతని తరఫున నేను చేసిన వకాలతు ఒక్కసారిగా ఆగిపోయింది. భుజాలు తేలికయ్యాయి. లోపలికి వెళ్ళి బియ్యం కడిగాను.

ల్యాబుకి నడిచి వెళ్ళేంత దూరంలో గది చూసుకోవడానికి పది రోజులు పట్టింది. చుట్టాలు ఫోన్లు చేశారు. తాగుతాడా? చెయ్యి చేసుకున్నాడా? ఇంకెవతైనా ఉందా? ఏదీ కాదంటే వాళ్ళకి చిరాకేసింది. "వానలో నాలుగడుగులు ముందు నడిచాడని మొగుణ్ణి వదిలేస్తావా?" అంది మా అక్క. నాలుగడుగులు కాదని చెప్పబోయి ఊరుకున్నాను.

వెళ్ళే రోజు అతను పాఠాలకి వెళ్ళిపోయాడు. బఠాణీని కూడా తీసుకెళ్ళాడు, వెనక సీట్లో. గేటు దగ్గర టాక్సీ ఆగింది. పెట్టె ఒకవైపు నేను, రెండో వైపు చిట్టి పట్టుకున్నాం. సగం దూరంలో చిట్టి పెట్టె కింద పెట్టింది.

"నువ్వు నాకు చెప్పకుండా ఉండాల్సింది వదినా."

"నిజం నీకు తెలియొద్దా?"

"తెలుసుకుని ఏం చేసుకోను? నువ్వు తెలుసుకుని వెళ్ళిపోతున్నావు. ఉద్యోగం ఉంది, వెళ్తావు. నేను తెలుసుకుని ఈ ఇంట్లోనే ఉండాలి. వాడు పెట్టిన నీడలోనే ఉండాలి. రేపు నాకేదైనా అయితే..." అని ఆగి, గేటు వైపు చూసింది.

నాతో వచ్చెయ్ అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. నేను మాట్లాడుకున్నది ఒంటి గది. ఒక మంచం, ఒక కిటికీ; ఆ కిటికీ దగ్గర కుర్చీ ఎక్కడ వేసుకోవాలో కూడా అనుకున్నాను. పధ్నాలుగేళ్ళ తర్వాత ఒక్కదాన్నే ఉండబోతున్నానన్న ఆశ అప్పటికే మనసులో పాతుకుపోయింది. చిట్టి నా మొహంలోకి చూస్తూ నిలబడింది. వచ్చెయ్ అంటానని ఎదురుచూసిందని నాకు తెలుసు. నాకు తెలిసిందని తనకీ తెలుసు.

"ఆదివారాలు వస్తూ ఉండు" అన్నాను.

చిట్టి తల ఊపింది. పెట్టె తనొక్కతే ఎత్తి టాక్సీలోకి తోసి, నేను కూర్చున్నాక తలుపు తనే వేసింది.

"పోదామా అమ్మా?" అన్నాడు డ్రైవరు.

పోదామన్నాను.